చావదన్న మొక్క: స్నేక్ ప్లాంట్ ఎవరింటికి నప్పుతుంది, ఎవరింటికి నప్పదు

కడపలో మా వీధి చివరి నర్సరీలో మొదటిసారి స్నేక్ ప్లాంట్ కొన్నప్పుడు అక్కడి తమ్ముడు చెప్పిన మాట ఇంకా గుర్తుంది. "అక్కా, ఇది చావదు. నీళ్ళు పోసినా బతుకుతాది, పోయకున్నా బతుకుతాది." 180 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. ఏడు నెలలు హాల్లో టీవీ పక్కన నిటారుగా, పచ్చగా నిలబడింది. ఒకరోజు దుమ్ము తుడుద్దామని తడిగుడ్డతో ఆకు పట్టుకుంటే ఆకంతా చేతిలోకి ఊడి వచ్చింది. ఆకు మొదలు దగ్గర రెండంగుళాల మేర గోధుమరంగు జావ. కుళ్ళిన ఎర్రగడ్డ వాసన. కుండీ బోర్లించి చూస్తే వేళ్ళు లేవు. ఎప్పుడో కుళ్ళి మట్టిలో కలిసిపోయాయి.

ఆ మొక్క ఎప్పుడు చచ్చిందో నాకు తెలియనే లేదు. స్నేక్ ప్లాంట్‌తో అసలు చిక్కు ఇదేనని నాకప్పుడు అర్థమైంది. దాని ఆకులు మందంగా ఉంటాయి, లోపల నీళ్ళు దాచుకుంటాయి. వేళ్ళు పోయాక కూడా ఆ నిల్వతో వారాల తరబడి పచ్చగానే కనిపిస్తాయి. మనీ ప్లాంట్‌కి దాహమైతే సాయంత్రానికల్లా ఆకులు వాల్చి చెబుతుంది. స్పైడర్ ప్లాంట్ ఆకు పాలిపోయి మడత పడుతుంది. ఇది మాత్రం ఏమీ చెప్పదు. చెప్పే రోజుకి మనం చేయగలిగింది మిగలదు.

అందుకే "కొత్తగా మొక్కలు పెంచేవాళ్ళకి స్నేక్ ప్లాంటే మంచిది" అనే సలహాతో నాకు పేచీ ఉంది. కొందరి ఇళ్ళకి అది చక్కగా సరిపోతుంది, మరికొందరి ఇళ్ళకి అసలు తేకూడదు. ఏది ఎవరికో, దాని బదులు ఏం పెట్టుకోవచ్చో మన సీమ ఎండల్ని, నీళ్ళని, ఇళ్ళని దృష్టిలో పెట్టుకుని చెబుతాను.

మొదట ఇంట్లో ఎవరున్నారో చూడండి

పాకే బిడ్డ, కుక్కపిల్ల, పిల్లి. ఈ ముగ్గురిలో ఎవరున్నా స్నేక్ ప్లాంట్‌ని నేల మీద పెట్టకండి. దీని ఆకుల్లో సపోనిన్లనే పదార్థాలు ఉంటాయి. కుంకుడుకాయకి నురగ వచ్చేది కూడా సపోనిన్ల వల్లే. కుంకుడు రసం పొరపాటున నోట్లో పడితే గొంతు ఎలా అవుతుందో మనందరికీ తెలుసు. ఈ ఆకు నమిలితే వికారం, వాంతులు, విరేచనాలు రావచ్చు. ప్రాణం తీసే విషం అని భయపెట్టను, అలా కాదు. కానీ మూడు కిలోల కుక్కపిల్లకి ఒక ఆకు ముక్క చిన్న విషయం కాదు.

అనంతపురంలో మా చిన్నమ్మ వాళ్ళింట్లో కళ్ళారా చూశాను. రెండు నెలల కుక్కపిల్లకి పళ్ళు వస్తున్నాయి, ఏది దొరికితే అది కొరుకుతోంది. మధ్యాహ్నం అందరూ నిద్రపోయి లేచేసరికి స్నేక్ ప్లాంట్ ఆకు కొస లేదు. కుక్కపిల్ల నోటి నుంచి సొంగ తీగలా కారుతోంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. పశువుల డాక్టరు చూసి మందిచ్చారు, మరుసటి రోజుకి తేరుకుంది. మా చిన్నమ్మ మాత్రం ఆ రాత్రంతా దాని పక్కనే కూర్చుంది. పిల్లలెవరైనా నమిలితే నోట్లో ముక్కలు తీసేసి, నీళ్ళతో కడిగి, వాంతులు ఆగకపోయినా పెదాలు, నాలుక వాచినా ఆ ఆకుని వెంట తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఏ మొక్కో తెలిస్తే వాళ్ళకి పని తేలికవుతుంది.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. స్నేక్ ప్లాంట్ మంచిది కాదని విని, దాన్ని తీసేసి మనీ ప్లాంటో జడ్‌జడ్ (ZZ) ప్లాంటో తెస్తారు. ఆ రెండింటిలోనూ సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. పచ్చి కంద కోసినప్పుడు చేతులు దురద పెట్టేది, సరిగా ఉడకని చేమదుంప గొంతులో గుచ్చుకునేది వాటి వల్లే. బిడ్డ నోటికి అది స్నేక్ ప్లాంట్ కంటే ఎక్కువ మంట. కలబంద కూడా కుక్కలకీ పిల్లులకీ పడదు. చివరికి మనం బజ్జీలు వేసుకునే వాము ఆకు కూడా మనుషులకి మంచిదే గానీ కుక్కలు, పిల్లులు తింటే వాంతులు చేసుకుంటాయి.

మరి ఏం పెట్టాలి? స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్, పోనీటెయిల్ పామ్. ఈ మూడూ పెంపుడు జంతువులకి విషం కానివే. పిల్లులకి స్పైడర్ ప్లాంట్ ఆకులు నమలడం సరదా కాబట్టి వేలాడే కుండీలో పెడితే మొక్క మిగులుతుంది. వరండాలో సగం నీడ ఉంటే తమలపాకు తీగ పెట్టండి. చెన్నూరు తోటల్లో అవిసె చెట్ల నీడన పాకించి పెంచే తీగ అది. ఇంట్లోనూ దానికి అదే కావాలి: పైన పలచటి నీడ, కింద ఆరని తడి. బిడ్డ ఒక ఆకు తెంపి నమిలినా భయం లేదు.

ఎండ దీన్ని చంపదు, మన ప్రేమ చంపుతుంది

స్నేక్ ప్లాంట్ పశ్చిమ ఆఫ్రికా మొక్క, నైజీరియా నుంచి కాంగో దాకా దాని పుట్టిల్లు. మన పక్క పొలం గట్ల మీద, గుట్టల్లో పెరిగే చాగనార కూడా దీని చుట్టమే. దాని నారతో వెనకటికి వింటి తాళ్ళు పేనేవాళ్ళు. కాబట్టి కర్నూలు ఎండ 43 డిగ్రీలున్నా ఇంట్లో నీడన ఉన్న స్నేక్ ప్లాంట్‌కి ఏమీ కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల పైచిలుకు వాన మాత్రమే పడే అనంతపురం లాంటి జిల్లాలో ఇంతకన్నా ఓర్పున్న మొక్క దొరకడం కష్టం. ఈ గుణాన్ని నేను తక్కువ చేయను.

అయితే ఎండాకాలంలో మనం ఏం చేస్తాం? మనకి దాహమైనట్టే దానికీ అయి ఉంటుందని రోజూ చెంబుడు నీళ్ళు పోస్తాం. పైగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా హాల్లో కూలర్ తిరుగుతూ ఉంటుంది. కూలర్ నడిచే గదిలో గాలి తడిగా ఉంటుంది, తలుపు గడి బిగుసుకుంటుంది, ఉప్పు డబ్బాలో నీరు చేరుతుంది. అదే గదిలో కుండీ మట్టి మాత్రం ఎలా ఆరుతుంది? బయట వడగాడ్పు చూసి మనం లెక్క వేస్తాం, మొక్క ఉన్నది కూలర్ తేమలో. నా మొక్క పోయింది సరిగ్గా ఇలాగే.

మట్టి సంగతి కూడా చెప్పాలి. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి. తడిస్తే జిగురు ముద్ద, ఎండితే బీటలు. పత్తికి, శనగకి అది బంగారం, స్నేక్ ప్లాంట్ కుండీకి మాత్రం వద్దు. కడప, అనంతపురం వైపు దొరికే ఎర్రమట్టి నయం, అందులో సగానికి సగం ముతక ఇసుక, చితక్కొట్టిన ఇటుక ముక్కలు కలపండి. నర్సరీ నుంచి వచ్చే మొక్క ఎక్కువగా కొబ్బరి పొట్టులో ఉంటుంది. పైన ఎండినట్టు కనిపిస్తుంది, మధ్యలో తడి అలాగే నిలిచి ఉంటుంది. చీపురుపుల్ల ఒకటి కుండీ అడుగుదాకా గుచ్చి తీయండి. పుల్లకి మట్టి అంటుకుని వస్తే నీళ్ళు పోయకండి. పొడిగా వస్తేనే పోయండి, అదీ కింద రంధ్రంలోంచి కారేదాకా ఒకేసారి. ఎండాకాలంలో పది పదిహేను రోజులకి, చలికాలంలో మూడు నాలుగు వారాలకి ఒకసారి చాలు.

రంధ్రం లేని పింగాణీ కుండీలు అందంగా ఉంటాయి. బహుమతిగా ఇచ్చే స్నేక్ ప్లాంట్లు చాలావరకు వాటిలోనే వస్తాయి. ఇంటికి రాగానే మార్చేయండి. కుండీ కింది పళ్ళెంలో నిలిచిన నీళ్ళు కూడా అదే రోజు పారబోయండి. డెంగీ దోమ అలాంటి కాసిని నీళ్ళలోనే గుడ్లు పెట్టి వారం పది రోజుల్లో పెద్ద దోమై లేస్తుంది. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి చెప్పేది ఇందుకే. సీసా నీళ్ళలో మనీ ప్లాంట్ పెంచేవాళ్ళకీ ఇదే మాట. వారానికోసారి నీళ్ళు పూర్తిగా మార్చాలి.

రాత్రి ఆక్సిజన్ మాట

పడకగదిలో పెడితే రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందని అమ్మేవాళ్ళు చెబుతారు. ఈ మాట ఎక్కడి నుంచి పుట్టిందో చూద్దాం. స్నేక్ ప్లాంట్, కలబంద వంటి ఎండుప్రాంతపు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటాయి. నీళ్ళు ఆవిరైపోకుండా అది వాటి జాగ్రత్త. అంతవరకు నిజమే. కానీ ఆక్సిజన్ తయారు కావడానికి వెలుగు కావాలి. చీకటి గదిలో ఏ మొక్కా ఆక్సిజన్ తయారు చేయదు.

గాలి శుభ్రం చేస్తుందన్న పేరు 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం వుల్వర్టన్ చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. గాలి చొరబడని చిన్న పెట్టెల్లో మొక్కలు పెట్టి, రసాయన ఆవిర్లు వదిలి, ఎంత తగ్గాయో కొలిచారు. మన ఇల్లు అలాంటి పెట్టె కాదు, తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది. 2019లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత ప్రయోగాల ఫలితాలన్నీ తీసి లెక్క కట్టారు. మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పనికి సమానంగా చేయాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. మన పదడుగులకి పన్నెండడుగుల గది సుమారు 11 చదరపు మీటర్లు. తక్కువలో తక్కువ లెక్కకే 110 కుండీలు. మంచం ఎక్కడ వేస్తారు?

గదిలో గాలి బాగుండాలంటే పొద్దున్నే ఎదురెదురు కిటికీలు తెరవండి. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళకి "ఈ మొక్క పెట్టు, గాలి మంచిదవుతుంది" అని చెప్పి, దాని ఆకుల మీద పేరుకున్న దుమ్ముని అలాగే వదిలేయడం నాకు నిజంగా బాధనిపిస్తుంది. తాడిపత్రి బండల పాలిషింగ్ యూనిట్ల చుట్టూ, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర ఉండే ఇళ్ళలో వారం తిరిగేసరికి ఆకు మీద వేలితో పేరు రాయొచ్చు. స్నేక్ ప్లాంట్ ఆకు వెడల్పు, నిలువు. తుడవడం తేలికే, కానీ తుడవాలి. దుమ్ముతో ఉన్న ఆకుల మొదళ్ళలోనే పిండినల్లి చేరుతుంది, తెల్లటి దూది అంటించినట్టు. కనబడగానే కాస్త సబ్బునీళ్ళతో తడిపిన గుడ్డతో తీసేయాలి.

నిదానం, బరువు, పసుపు అంచు

నెలకో కొత్త ఆకు చూడాలని ఆశపడేవాళ్ళు దీన్ని తెచ్చుకోవద్దు. వెలుగు తక్కువున్న చోట ఏడాదికి రెండో మూడో ఆకులు వస్తే గొప్ప. మా ఇళ్ళలో పాత మిద్దెలకి గవాక్షి ఒక్కటే వెలుతురు. దాని కింద పడే వెలుగులో స్నేక్ ప్లాంట్ బతుకుతుంది, పెరగదు. మీ గదిలో వెలుగు చాలో లేదో తెలుసుకోవడానికి నా పద్ధతి ఇది: మధ్యాహ్నం 12 గంటలకి లైటు వేయకుండా మొక్క పెట్టే చోట కూర్చుని పేపర్లో చిన్న అక్షరాలు చదవండి. కళ్ళు చికిలించినా చదవలేకపోతే అక్కడ ఏ మొక్కా పెట్టొద్దు. కష్టపడి చదవగలిగితే జడ్‌జడ్ ప్లాంట్ లేదా స్నేక్ ప్లాంట్. హాయిగా చదవగలిగితే స్పైడర్ ప్లాంట్, మనీ ప్లాంట్. ఎండ నేరుగా మూడు నాలుగు గంటలు పడితే కలబంద, పోనీటెయిల్ పామ్. చీకటి మూలలో ఉన్న స్నేక్ ప్లాంట్‌ని ఉన్నట్టుండి మే ఎండలో పెడితే ఆకులు తెల్లగా కాలిపోతాయి, ఆ మచ్చ మళ్ళీ పోదు.

పసుపు అంచు రకం ఇష్టపడి కొనేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. ఆకు కోసి నాటితే నెలల తర్వాత పిలక వస్తుంది గానీ దానికి పసుపు అంచు ఉండదు, మామూలు పచ్చ రకం వస్తుంది. అంచు కావాలంటే దుంపతో సహా పిలకని విడదీసి నాటాల్సిందే. స్నేహితురాలికి ఇస్తానని మాటిచ్చి, ఆరు నెలలు ఆకు ముక్కల్ని కాపాడి, పచ్చ పిలకలు చూసి నేను బాధపడ్డాను.

దుంపలు పెరిగాక పలచటి ప్లాస్టిక్ కుండీని పక్కకి ఉబ్బించి చీలుస్తాయి. ఆకులు మూడడుగులు లేచాక పైబరువు ఎక్కువై చిన్న కుండీ ఒరుగుతుంది. కింద మన కడప బండ నేల. పింగాణీ కుండీ ఒక్కసారి పడితే చాలు. బిడ్డ పట్టుకుని లేవడానికి ప్రయత్నించే ఇంట్లో ఇది విషం కంటే ముందు చూసుకోవాల్సిన విషయం. అడుగుభాగం వెడల్పుగా ఉన్న మట్టి కుండీలో పెట్టండి, మట్టిలోంచి తడి కూడా త్వరగా ఆరుతుంది.

పాము మొక్క అంటే పాములు వస్తాయని కొందరు, రావని కొందరు అంటారు. ఆకు మీది చారల వల్లే ఆ పేరు, పాములతో దానికి ఏ సంబంధమూ లేదు. వాస్తు ప్రకారం ఏ మూల అనేది మీ ఇష్టం, మీ నమ్మకం. ఆ మూలకి వెలుగు వస్తుందో లేదో మాత్రం చూసుకోండి.

బోరు నీళ్ళ దగ్గర స్నేక్ ప్లాంటే గెలుస్తుంది

ఇంతసేపు దాని లోపాలు చెప్పాను కాబట్టి న్యాయంగా ఇదీ చెప్పాలి. అనంతపురం జిల్లాలో చాలా చోట్ల బోరు నీళ్ళలో ఉప్పు, ఫ్లోరైడ్ ఎక్కువ. స్పైడర్ ప్లాంట్‌కి ఫ్లోరైడ్ అస్సలు పడదు. ఆకు కొసలు అగ్గిపుల్లతో కాల్చినట్టు గోధుమరంగులోకి మారతాయి. అరెకా పామ్‌దీ దాదాపు అదే కథ, పైగా పొడిగాలికి దానికి ఎర్రనల్లి పడుతుంది. నీళ్ళు రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ ఫ్లోరైడ్ పోదు, కాచినా పోదు. వాన నీళ్ళు గానీ, ఏసీ నుంచి కారే నీళ్ళు గానీ పట్టి పోస్తే కొత్త ఆకులు శుభ్రంగా వస్తాయి. ఆ వీలు లేని ఇంట్లో, బోరు నీళ్ళే దిక్కైన చోట, స్నేక్ ప్లాంట్ నిలబడినట్టు మిగతావి నిలబడవు. దానికి తాగే నీళ్ళు ఎలాగూ తక్కువే, కాబట్టి మట్టిలో చేరే ఉప్పూ తక్కువ.

కాబట్టి నన్ను అడిగితే ఇలా చెబుతాను. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి పోయి, పండక్కి పది రోజులు ఊరెళ్ళే ఇల్లు, చిన్నపిల్లలు లేరు, జంతువులు లేవు: స్నేక్ ప్లాంట్ తెచ్చుకోండి, హాయిగా ఉంటుంది. రోజూ మొక్కకి ఏదో ఒకటి చేయందే తోచని అమ్మమ్మ ఉన్న ఇల్లు: స్నేక్ ప్లాంట్ వద్దు, ఆమె ప్రేమకి అది కుళ్ళిపోతుంది. తమలపాకు తీగ ఇవ్వండి, రోజూ నీళ్ళు కోరుకునేది అదే. పాకే బిడ్డ ఉన్న ఇల్లు, నీళ్ళు మంచివి: స్పైడర్ ప్లాంట్. నీళ్ళు ఉప్పు, కిటికీలో ఎండ ఉంది, కుక్క ఉంది: పోనీటెయిల్ పామ్. అద్దె ఇంట్లో వెలుగు అంతంత మాత్రం, కుక్క కూడా ఉంది అనేవాళ్ళకి కుండీ ఎత్తైన అల్మారా మీద పెట్టి, రెండు వారాలకోసారి కిటికీ దగ్గరికి మార్చే ఓపిక ఉంటేనే స్నేక్ ప్లాంట్. ఆ ఓపిక లేకపోతే కొన్నాళ్ళు మొక్క లేకుండా ఉండటమే నయం.

కొనేటప్పుడు నర్సరీలో సిగ్గుపడకుండా ఆకు మొదలు రెండు వేళ్ళతో నొక్కి చూడండి. పచ్చి మామిడికాయలా గట్టిగా ఉండాలి. మెత్తగా లోపలికి పోతే, అడుగున పసుపు తిరిగి ఉంటే ఆ కుండీ వదిలేయండి, ఎంత పచ్చగా కనిపించినా సరే. ఆకుని మెల్లగా అటూ ఇటూ కదపండి. వేళ్ళున్న మొక్క కదలదు, కుండీ కదులుతుంది. వడగాడ్పులు ఆగి, తొలకరి పడి, కూలర్ కట్టేశాక తెచ్చుకోండి. తెచ్చిన వారానికి మట్టి మార్చండి, మార్చాక ఐదారు రోజులు నీళ్ళు పోయకండి. మా హాల్లో ఇప్పుడున్న రెండో స్నేక్ ప్లాంట్‌కి కూడా నెలకోసారి ఇలాగే నొక్కి చూస్తాను. చీపురుపుల్ల ఆ కుండీలోనే గుచ్చి ఉంటుంది.